ఎందుకో నచ్చలేదండీ

"బాగానే ఉందండీ. కానీ ఎందుకో నాకు నచ్చలేదు."

డిజైన్ పనిలో ఉన్నవాళ్లకు ఈ మాట కొత్త కాదు. నేను మొదటిసారి ఎప్పుడు విన్నానో గుర్తు లేదు గానీ, ఏ రోజు దాన్ని పెడచెవిన పెట్టి చేతులు కాల్చుకున్నానో మాత్రం బాగా గుర్తుంది.

అప్పుడు మేము కస్టమర్లకు బిల్లులు చూపించే పేజీని కొత్తగా తయారు చేస్తున్నాం. చెల్లించాల్సిన మొత్తాన్ని పేజీ పైభాగంలో పెద్ద అంకెల్లో, మా బ్రాండు రంగైన ఎరుపులో పెట్టాను. సమీక్ష మీటింగుకు ఆరేడు విభాగాల వాళ్లు వచ్చారు. ఫైనాన్స్ నుంచి వచ్చిన పెద్దావిడ స్క్రీన్ వైపు కాసేపు చూసి ఆ మాట అన్నారు. ఎందుకు నచ్చలేదని అడిగాను. "ఏమోనండీ, ఆ ఎరుపు చూస్తే ఏదో తప్పు జరిగినట్టు అనిపిస్తోంది" అన్నారు. నేను ఎంతో ఓపిగ్గా, అంటే ఓపిక అని నేను అనుకున్న ధోరణిలో, బ్రాండు రంగుల గురించి, చూపును ఒక చోటికి రప్పించడం గురించి నాలుగు మాటలు చెప్పాను. "సరేలెండి, మీకు తెలుస్తుంది కదా" అని ఆవిడ ఊరుకున్నారు. నోటుపుస్తకంలో ఆ వ్యాఖ్య పక్కన "వ్యక్తిగత అభిరుచి" అని రాసి కొట్టేశాను.

పేజీ విడుదలైంది. మొదటి నెలాఖరుకు కస్టమర్ సపోర్ట్‌కు ఫోన్లు మొదలయ్యాయి. "మా చెల్లింపు విఫలమైందా?" "గడువు దాటిపోయిందా?" గడువుకు ఇంకా పది రోజులు ఉన్నవాళ్లు, పాత బాకీ ఏదీ లేనివాళ్లు అడుగుతున్న ప్రశ్నలవి. కొందరు కంగారులో రెండుసార్లు చెల్లించారు. ఆ డబ్బును లెక్క తేల్చి వెనక్కి పంపే పని ఫైనాన్స్ విభాగం నెత్తినే పడింది.

ఆవిడ ఇరవై ఏళ్లకు పైగా లెక్కల పుస్తకాలతో గడిపిన మనిషి. ఆ లోకంలో ఎర్ర అంకె అంటే లోటు. స్ప్రెడ్‌షీట్లలో మైనస్ అంకెలను ఎర్రగా చూపించే అలవాటు కూడా అక్కడి నుంచి వచ్చిందే. ఆవిడకు తెలిసిన విషయం ఆవిడ కళ్లలో ఉంది. పది మంది ముందు అప్పటికప్పుడు అడిగితే మాటల్లోకి రాలేదు. మాటల్లోకి రానిదానికి నేను అభిరుచి అని పేరు పెట్టి పక్కకు నెట్టాను.

అప్పటి నుంచి నేను వాదిస్తున్నది ఒకటే. వేరే విభాగాల నుంచి వచ్చే "నచ్చలేదు"లలో కొన్ని, ఇంకా మాట దొరకని అనుభవాలు. కొన్ని ఉత్త ఇష్టాయిష్టాలు. పైకి రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఏది ఏదో తేల్చడం డిజైనర్ పనిలో భాగమే. ఆ శ్రమ తప్పించుకోవడానికి మనం "సబ్జెక్టివ్" అనే ముద్ర ఒకటి తయారు చేసుకున్నాం.

ఆ ముద్రను ఎంత పక్షపాతంగా వాడతామో చూడండి. ఎవరైనా "అబ్బ, ఎంత బాగుందో" అంటే, "అది మీ వ్యక్తిగత అభిప్రాయం కదా, ఆధారమేమిటి?" అని అడిగిన డిజైనర్‌ను నేను ఇంతవరకు చూడలేదు. పొగడ్తను ఎవరూ తూకం వేయరు. పైగా దాన్ని వారం రోజుల పాటు మిగతా మీటింగుల్లో సాక్ష్యంగా తిప్పుతాం: "సేల్స్ వాళ్లకైతే చాలా నచ్చింది." అదే సేల్స్ మనిషి నచ్చలేదంటే మాత్రం ఆయనకు డిజైన్ తెలియదు! కారణం చెప్పని మెచ్చుకోలుకూ కారణం చెప్పని ఫిర్యాదుకూ సమాచారంగా ఒకే విలువ. నన్నడిగితే మెచ్చుకోలుకే విలువ తక్కువ. మర్యాద కోసం మెచ్చుకునేవాళ్లు కోకొల్లలు. మర్యాద కోసం తప్పుపట్టేవాళ్లను చూశారా ఎప్పుడైనా?

ఇక మన సొంత ఇష్టాల సంగతి. వాటికి పరిభాష తొడిగి బయటికి పంపుతాం. "ఇక్కడ కాస్త ఖాళీ ఉంటేనే పేజీకి ఊపిరాడుతుంది" అన్న మాటకు చాలాసార్లు అర్థం "నాకు ఖాళీ ఇష్టం" అనే. ఒకసారి, కంటికి ఇంపుగా ఉంటుందని చెప్పుకునే స్వర్ణ నిష్పత్తి (గోల్డెన్ రేషియో) పేరు చెప్పి ఒక బ్యానర్ కొలతలను గట్టెక్కించాను. అసలు జరిగింది ఏమిటంటే, ముందు నా కంటికి నచ్చిన కొలత పెట్టుకున్నాను, తర్వాత లెక్క వేసుకుంటే ఆ నిష్పత్తికి దగ్గరగా వచ్చింది. తా వలచింది రంభ, తా మునిగింది గంగ. ఫైనాన్స్ ఆవిడకు ఈ పరిభాష రాదు కాబట్టి ఆవిడది అభిరుచి అయింది, నాది నైపుణ్యం అయింది. ఏళ్ల తరబడి చేసిన పనికి విలువ లేదని నేను అనడం లేదు. చూసీ చూసీ కన్ను తేరిన మాట నిజమే. అయితే ఆవిడ కన్ను కూడా ఏళ్ల తరబడి చూసి తేరిందే, వేరే కాగితాల మీద.

అయితే కారణం అడగాలి, "ఎందుకు" అని అడుగుతూ పోతే అసలు సంగతి బయటపడుతుంది అని మా వృత్తిలో అందరూ చెప్పే సలహా. నేనూ అడిగాను కదా! బయటపడలేదు. ఎందుకు బయటపడదో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రిచర్డ్ నిస్బెట్, టిమతీ విల్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఇలాంటి ముచ్చట ఉంది. ఒక దుకాణంలో బల్ల మీద నాలుగు జతల నైలాన్ మేజోళ్లు వరుసగా పెట్టి, ఏది నాణ్యమైనదో చెప్పమని వచ్చేవాళ్లను అడిగారు. నాలుగూ అచ్చంగా ఒకటే. అయినా కుడి చివర ఉన్న జతను 40 శాతం మంది ఎంచుకున్నారు, ఎడమ చివర ఉన్నదాన్ని 12 శాతం మందే. కారణం అడిగితే నేత గురించి, నాణ్యత గురించి చెప్పారు గానీ, పెట్టిన చోటు మాట ఒక్కరి నోటా రాలేదు. చోటు వల్ల ఏమైనా ప్రభావం పడిందా అని నేరుగా అడిగినా దాదాపు అందరూ కాదన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. అడిగారు కాబట్టి నమ్మదగ్గ కారణం ఒకటి వెతుక్కుని చెప్పారు, తాము కూడా నమ్మారు.

మీటింగులో మనం చేసేది సరిగ్గా ఇదే. "ఎందుకు?" అని అడిగిన క్షణం నుంచి ఎదుటి మనిషి కారణాలు వెతుక్కోవడం మొదలుపెడతారు. ఏమీ చెప్పకపోతే పరువు పోతుంది కాబట్టి చేతికి అందిన మాట ఏదో అంటారు: "రంగులు మరీ ఎక్కువయ్యాయి", "ఫాంటు పాతగా ఉంది". మనం పాపం ఫాంటు మార్చుకుని వస్తాం. ఇప్పుడూ నచ్చదు. "ఈ విభాగం వాళ్లకు ఏం కావాలో వాళ్లకే తెలియదు" అని కాఫీ దగ్గర విసుక్కుంటాం. పోనీ, కారణాలు తవ్వుతూ పోతే కనీసం వాళ్ల ఎంపికైనా మెరుగవుతుందా అంటే అదీ లేదు. విల్సన్ బృందం 1993లో ప్రచురించిన మరో ప్రయోగంలో, ఇంటికి తీసుకెళ్లడానికి పోస్టరు ఎంచుకునే ముందు కారణాలు విశ్లేషించమన్నవాళ్లు, కొన్ని వారాల తర్వాత అడిగితే, ఏమీ విశ్లేషించకుండా ఎంచుకున్నవాళ్ల కంటే తక్కువ సంతోషంగా ఉన్నారు.

అందుకే ఇప్పుడు నేను "ఎందుకు" అని దాదాపుగా అడగను. "ఎప్పుడు" అని అడుగుతాను. "ఇలాంటిది ఇంతకుముందు ఎప్పుడైనా మిమ్మల్ని ఇబ్బంది పెట్టిందా?" "ఇది విడుదలైన మర్నాడు మీ విభాగానికి మొదట ఎవరు ఫోన్ చేస్తారు, ఏమంటారు?" "ఇది చూసి ఎవరు పొరపాటు పడతారని మీకు అనిపిస్తోంది?" కారణం కల్పించుకోవడం తేలిక గానీ, జరిగిన సంగతి గుర్తు చేసుకోమంటే మనుషులు చాలా నమ్మకస్తులు. ఒకవేళ అలాంటి సంగతేదీ లేకపోతే వాళ్లే నవ్వి "అబ్బే, ఏమీ లేదు, ఊరికే అనిపించింది" అంటారు. ఆ ఒక్క మాటతో అది ఉత్త అభిరుచి అని తేలిపోతుంది. తేల్చింది నేను కాదు కాబట్టి ఎవరికీ చిన్నతనం ఉండదు.

సేల్స్ విభాగాధిపతి ఒకాయన లోగో పెద్దది చేయమని మూడు మీటింగుల పాటు పట్టుబట్టారు. లోగో పెద్దది చేయమనడం మా వృత్తిలో ఎంత పాత జోకంటే, ఆ మాట వినగానే డిజైనర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. నేనూ చూశాను. నాలుగోసారి మాత్రం ఆయన బల్ల దగ్గరికి వెళ్లి, లోగో చిన్నదై ఇబ్బంది పడిన సందర్భం ఏదైనా ఉందా అని అడిగాను. ఉందట. వీడియో కాల్‌లో మన ఉత్పత్తిని చూపిస్తుంటే అవతలివాళ్లు ఫోనులో చూస్తున్నారు. వాళ్లు అదే వారంలో మరో రెండు కంపెనీల ఉత్పత్తులు కూడా చూశారు. మర్నాడు ఫోన్ చేసి, మన ఉత్పత్తిని పోటీదారు పేరు పెట్టి మెచ్చుకున్నారు. ఆయన గుండె ఎంత జారిపోయి ఉంటుందో ఊహించుకోండి! ఆయన అడుగుతున్నది లోగో సైజు కాదని అప్పుడు అర్థమైంది. చిన్న స్క్రీన్ మీద, అరకొర శ్రద్ధతో చూసేవాళ్లకు కూడా పేరు గుర్తుండాలి. లోగోను అలాగే ఉంచి, ప్రదర్శనలో ప్రతి పేజీ శీర్షికలోకీ, కస్టమర్‌కు పంపే ప్రతి నివేదిక మీదకీ ఉత్పత్తి పేరు తెచ్చాను. ఆయన మళ్లీ లోగో మాట ఎత్తలేదు. మూడు మీటింగుల కాలం నేను వృథా చేశానని ఆయన అనలేదు గానీ, అన్నా తప్పు లేదు.

విభాగాన్ని బట్టి మాటలు మారతాయి. లీగల్ వాళ్లతో పెద్ద గొడవ లేదు. వాళ్లు నచ్చలేదనరు, ఫలానా వాక్యం ఉండాలంటారు, అంతే. హెచ్‌ఆర్ వాళ్లకు అన్నీ "ఇంకాస్త ఆత్మీయంగా" ఉండాలి. మార్కెటింగ్ వాళ్ల మాట "కొట్టొచ్చినట్టు కనబడాలి". ఇంజనీర్లు వాళ్లకు కట్టడానికి కష్టమైన దాన్ని వాడుకరికి కష్టమని చెప్పే అవకాశం ఉంది. ఇది నిందగా అనడం లేదు, నేనూ నాకు గీయడానికి విసుగైన దాన్ని "అనవసరం" అన్నవాణ్నే. అందరికంటే విలువైన మాట చెప్పేది కస్టమర్ సపోర్ట్ వాళ్లు. చిత్రంగా వాళ్లను మీటింగులకు పిలిచేది అందరికంటే తక్కువ.

ఆ సపోర్ట్ విభాగంలోని ఒక కుర్రవాడు మా సహాయ పేజీ గురించి "చూడటానికి ఇరుకుగా ఉంది సార్" అని రాశాడు. ఇరుకు! పక్కల ఎంత ఖాళీ వదిలానో నాకు తెలుసు కాబట్టి నవ్వు వచ్చింది. అయినా అతని సీటు దగ్గరికి వెళ్లి చూశాను. అతను చూస్తున్నది తెలుగు పేజీ. నేను వరుసల మధ్య దూరాన్ని ఇంగ్లీషు అక్షరాలకు సరిపడా పెట్టి, ఇంగ్లీషు పేజీనే చూసుకుని మురిసిపోయాను. తెలుగులో వత్తులు కిందికి దిగి, కింది వరుసలోని గుడులనూ తలకట్లనూ తాకుతున్నాయి. అతని "ఇరుకు" అక్షరాలా నిజం. విశేషణం వినగానే దాన్ని కొట్టిపారేయకుండా, ఆ మనిషి ఏ స్క్రీన్ మీద, ఏ స్థితిలో చూశాడో అడగాలన్న సంగతి నాకు అంతకుముందు పుస్తకజ్ఞానం. ఆ రోజు నుంచి అలవాటు.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. సర్వర్ల స్థితి చూపించే పేజీలో ఎర్ర చుక్క, ఆకుపచ్చ చుక్క పెట్టాను. ఒక ఇంజనీరు "ఈ రెండూ ఒకేలా ఉన్నాయి" అన్నారు. వేళాకోళం అనుకున్నాను. ఆయనకు ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియదు. ఐరోపా మూలాలున్న పురుషుల్లో దాదాపు 8 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఈ వర్ణాంధత్వం ఉంటుంది. మిగతా చోట్ల శాతం మారుతుంది గానీ, అది లేని చోటు లేదు. ఒక్క మనిషి చెప్పాడు కాబట్టి వ్యక్తిగతం, కాబట్టి పట్టించుకోనక్కరలేదు అన్న తర్కం ఎంత గుడ్డిదో ఆ రెండు చుక్కలు నాకు నేర్పాయి.

కొన్ని విషయాల్లో అభిప్రాయాలకు తావే లేదు, కొలతలున్నాయి. వెబ్ ప్రమాణాలు రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2008లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం మామూలు పరిమాణం అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1 చాలు. తెలుపు మీద నలుపుకు అది 21:1. ఫోనులో వేలితో నొక్కే బటన్ కనీసం 44 పాయింట్లు ఉండాలని ఆపిల్, 48 యూనిట్లు ఉండాలని ఆండ్రాయిడ్ చెబుతాయి. "ఈ బూడిద రంగు అక్షరాలు సరిగ్గా కనబడటం లేదు" అని ఎవరైనా అంటే వాదించడం దేనికి, కొలిస్తే అర నిమిషంలో తేలుతుంది. డిజైనర్లు ఈ కొలతలను వాదనలో గెలవడానికి ఎంత ఉత్సాహంగా వాడతారో, తమ లేత బూడిద రంగును కాపాడుకోవాల్సి వచ్చినప్పుడు అంత ఉత్సాహంగా మరిచిపోతారన్నది కూడా రాయక తప్పదు.

మరి అన్నిటినీ కొలిచేస్తే గొడవ వదులుతుంది కదా? ఆ దారిలో చివరిదాకా వెళ్లినవాళ్లున్నారు. గూగుల్‌లో దృశ్య రూపకల్పన బాధ్యత చూసిన డగ్లస్ బౌమన్ 2009లో ఉద్యోగం వదిలేస్తూ కారణాలను బహిరంగంగానే రాశారు. రెండు నీలాల్లో ఏది వాడాలో ఒక బృందం తేల్చుకోలేక, ఆ రెంటి మధ్య 41 ఛాయలను పరీక్షకు పెట్టింది. ఒక గీత మందం మూడు పిక్సెళ్లా, నాలుగా, అయిదా అన్న దానికి ఆయనను రుజువు చూపించమన్నారు. కోట్ల మంది చూసే పేజీలో నీలం ఛాయను కొలవడం వెర్రితనమేమీ కాదు, వాళ్ల వైపు కూడా న్యాయం ఉంది. మన పేజీలు కోట్ల మంది చూడరు. రోజుకు మూడు వందల మంది వచ్చే పేజీలో రెండు బటన్ల రంగుల మధ్య తేడా తేలాలంటే నెలలు పడుతుంది. ఆ నెలల పాటు విభాగాల మధ్య యుద్ధం ఆగదు, వాయిదా పడుతుంది అంతే.

అసలు ఇంతమందికి రంగు గురించే ఎందుకు మాట్లాడాలనిపిస్తుంది? బ్రిటన్ నౌకాదళ చరిత్రకారుడు పార్కిన్సన్ 1957లో దీని మీద ఒక కల్పిత కమిటీ కథ రాశారు. అందులో కమిటీ సభ్యులు అణు రియాక్టరు నిర్మాణాన్ని రెండున్నర నిమిషాల్లో ఆమోదించి, గుమాస్తాల సైకిల్ షెడ్డు మీద ముప్పావు గంట చర్చిస్తారు. రియాక్టరు ఎవరికీ అర్థం కాదు, షెడ్డు అందరికీ అర్థమవుతుంది. ఈ కథను డిజైనర్లు ఇతర విభాగాలను ఎగతాళి చేయడానికి చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో తప్పు షెడ్డు గురించి మాట్లాడినవాళ్లది అనిపించదు. కార్యక్రమ పట్టిక తయారు చేసినవాళ్లది. మనం పూర్తిగా రంగులద్దిన స్క్రీన్‌ను గోడ మీద వేసి, "ఎలా ఉంది?" అని అడుగుతాం. ఎలా ఉందని అడిగితే ఎలా ఉందో చెప్పక ఏం చేస్తారు? నేను ఇప్పుడు మీటింగుకు ముందు రోజే అయిదారు వాక్యాలు రాసి పంపుతాను: ఈ పేజీ ఎవరి కోసం, వాళ్లు ఇక్కడ ఏ పని పూర్తి చేయాలి, ఏ నిర్ణయాలు అయిపోయాయి, ఏది ఇంకా తేలలేదు, మీలో ఎవరి నుంచి ఏ విషయం కావాలి. ఫైనాన్స్‌కు ఒక ప్రశ్న, సపోర్ట్‌కు ఒక ప్రశ్న. ప్రశ్న ఎదురుగా ఉంటే మనుషులు దానికి జవాబు చెబుతారు, లేకపోతే రంగుకు చెబుతారు. అందరూ ఆ కాగితం చదువుతారని కాదు. సగం మంది చదివినా చాలు.

ఇక "పాతదే బాగుంది" అనే వ్యాఖ్య. దీనితో నేను ఇప్పటికీ సతమతమవుతూనే ఉన్నాను. ఏ అర్థమూ తెలియని గుర్తులైనా సరే, పదేపదే కంటపడితే మనుషులకు వాటి మీద ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో చూపించారు. ఆ లెక్కన కొత్త డిజైన్ ఎప్పుడూ కొంత లోటుతోనే బరిలోకి దిగుతుంది, అలవాటైతే సర్దుకుంటుంది. "రెండు వారాలు ఆగండి, మీకే నచ్చుతుంది" అని డిజైనర్లు ధీమాగా అనడం ఇందుకే. అదే ధీమా ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే ట్రాపికానా కథ ఉంది. 2009 జనవరిలో ఆ పండ్లరసం పెట్టె మీది స్ట్రా గుచ్చిన నారింజ బొమ్మ తీసేసి, గ్లాసులో రసం బొమ్మతో కొత్త పెట్టె తెచ్చారు. రెండు నెలలు తిరగకముందే అమ్మకాలు దాదాపు 20 శాతం పడిపోయాయి, పాత పెట్టె వెనక్కి వచ్చింది. అది అలవాటు లేకపోవడం మాత్రమే కాదు. దుకాణంలో ఏదో చవక రకం పెట్టెలా కనబడుతోందని కొనేవాళ్లే ఫిర్యాదు చేశారు.

అందువల్ల నేను "నచ్చిందా" అని కాకుండా "దొరికిందా" అని అడుగుతాను. పాతది బాగుందన్న మనిషికి కొత్తదానిలో ఒక పని అప్పగిస్తాను. విసుక్కుంటూనే పని ముగిస్తే, అది అలవాటు సమస్య, పది రోజులు ఓపిక పట్టవచ్చు. ముగించలేకపోతే ఎన్ని నెలలు గడిచినా ఆ చిరాకు పోదు.

విభాగాలు ఒకదానికొకటి విరుద్ధంగా చెప్పినప్పుడు సగటు తీయడం అన్నిటికంటే చెడ్డ మార్గం. హెచ్‌ఆర్‌కు ఆత్మీయంగా, సేల్స్‌కు గంభీరంగా కావాలంటే, గంభీరమైన ఆత్మీయత ఒకటి తయారు చేసి ఇద్దరికీ నచ్చనిది ఇస్తాం. ఒక మొదటి పేజీలో అయిదు విభాగాలను తృప్తిపరచబోయి ఆరు బటన్లు పెట్టాను. ఆరోది ఎవరు అడిగారో నాకు ఇప్పటికీ గుర్తు రాదు. వచ్చినవాళ్లు ఏదీ నొక్కకుండా వెళ్లిపోయేవారు. ఇప్పుడు ఏ పని మొదలుపెట్టినా తుది మాట ఎవరిదో ముందే అడిగి, మీటింగుకు ముందు పంపే ఆ కాగితంలోనే రాస్తాను. అభిప్రాయం చెప్పడానికి పిలిచాం, ఓటు వేయడానికి కాదు అని తెలిస్తే మనుషులు నొచ్చుకుంటారని భయపడ్డాను. నిజానికి ఊపిరి పీల్చుకున్నారు. బాధ్యత లేకపోతే మనసులో మాట చెప్పడం తేలిక.

లొంగిపోవడం గురించి కూడా ఒక మాట. ఒక పై అధికారికి వంగపండు రంగు గిట్టదు. కారణం ఏమీ లేదు, గిట్టదు. నేను మార్చేశాను. పది నిమిషాల పని. చదవడానికి ఇబ్బంది లేదు, వాడుకరికి నష్టం లేదు, మిగిలింది నా అహమే. కాకి పిల్ల కాకికి ముద్దు, నా వంగపండు రంగు నాకు ముద్దు. కొందరు డిజైనర్లు కావాలనే ఒక కొట్టొచ్చే తప్పు పెట్టి, పై అధికారి దాన్ని తీయించి తృప్తిపడేలా చేస్తారు. దాన్ని తెలివిగా చెప్పుకుంటారు కూడా. నాకు అది ఏమాత్రం నచ్చదు. ఎదుటి మనిషి మాటలో విషయం ఉండే అవకాశమే లేదని ముందే తీర్మానించుకున్నవాళ్లు చేసే పని అది. ఆ తప్పును ఎవరూ గమనించక అలాగే అచ్చుకు వెళ్లిన సందర్భాలూ విన్నాను, కాస్త సంతోషించాను కూడా.

ఇంత రాస్తున్నాను గానీ, నచ్చలేదన్న మాట వినగానే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. రాతలో వచ్చిన వ్యాఖ్యలకైతే ఆ రోజు జవాబు రాయను, మర్నాడు రాస్తాను. ఒకే ఫైలు మీద 43 కామెంట్లు వచ్చిన రోజున ఒక్కొక్కదానికీ జవాబిస్తూ కూర్చుని, రాత్రికి తేలిందేమిటంటే వాటిలో 30 దాకా ఒకే విషయం గురించి, 30 రకాల మాటల్లో ఉన్నాయి. ఎదురుగా కూర్చుని మాట్లాడితే పావుగంటలో తెమిలేది.

ఫైనాన్స్ ఆవిడ దగ్గరికి మళ్లీ ఒక నివేదిక పేజీతో వెళ్లాను, ఈసారి మీటింగు కంటే ముందు, ఆవిడ సీటు దగ్గరికే. నమూనా అంకెలు తీసేసి, పోయిన నెల నిజమైన అంకెలు పెట్టుకుని వెళ్లాను. "ఎలా ఉందో చెప్పొద్దండీ, నెలాఖరున మీరు చేసే పని ఇందులో చేయండి, నేను చూస్తాను" అన్నాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని మొదలుపెట్టారు. మొదటి రెండు పట్టికలు గబగబా దాటారు. మూడో పట్టిక దగ్గర చేయి ఆగింది. "బాగానే ఉందండీ, కానీ ఇక్కడ ఎందుకో..." అని ఆగిపోయారు. నేను నోరు మెదపలేదు. ఆవిడ కాసేపు చూసి, బల్ల మీది పెన్ను తీసి స్క్రీన్‌కు అడ్డంగా పెట్టారు. ఎడమ చివర పేరు దగ్గర నుంచి కుడి చివర అంకె దాకా దాన్ని ఆనించి పట్టుకుని, ఒక్కో వరుసకూ కిందికి జరుపుతూ చదవడం మొదలుపెట్టారు.

పేజీ శుభ్రంగా కనబడాలని వరుసల మధ్య గీతలు తీసేసింది నేనే.